గేజి పక్కన ఇంకో చిన్నది

టల్సా ఊరి చివర, రైలు గేటు దాటాక ఉండే స్ట్రౌడ్ వాళ్ళ ట్యాంకుల షాపులో ఆ మంగళవారం పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. గాలి నింపే ట్యాంకు ఒకటి దాదాపు తయారై స్టాండ్ల మీద పడుకుని ఉంది. దానికి మూడు పొట్టి గొట్టాలు, అంటే నాజిల్స్, తగిలించాలి. ఒకటి ఒత్తిడి చూపే గేజికి, ఒకటి సేఫ్టీ వాల్వుకి, ఒకటి అడుగున చేరిన నీళ్ళు పోవడానికి. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ హాస్కెల్ వస్తాడు. ఆయన కళ్ళెదుట ట్యాంకులో నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి చూపించాలి. ఆయన సరేనంటే ముద్ర పడుతుంది. ముద్ర పడితే ట్యాంకు లారీ ఎక్కి, పక్క రాష్ట్రం అర్కన్సాలో దోసకాయ ఊరగాయలు పెట్టే ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది.

పని చిన్నదే గానీ, మార్లాకు లేచినప్పటి నుంచీ కాఫీ గొంతు దిగలేదు. తండ్రి లేలండ్ తోడు లేకుండా తనే గీసి, తనే దగ్గరుండి కట్టించి పంపుతున్న మొదటి ట్యాంకు అది. వేసవిలో లేలండ్‌కు గుండె ఆపరేషన్ అయింది. షాపు వైపు వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. లేలండ్ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చాక భార్య ఓపల్ ముందే కూతురితో ఒక మాట అన్నాడు.

"నీ మొదటి ట్యాంకు హాస్కెల్ చేతిలో నెగ్గిందా, ఇంట్లో కూర్చుంటా. నెగ్గలేదా, మర్నాడే వచ్చి నా కుర్చీలో కూర్చుంటా."

లేలండ్ కుర్చీలో కూర్చోవడం ఆ షాపులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. వచ్చాడంటే నిచ్చెనలెక్కుతాడు, ఇనుప పలకల కింద భుజం పెడతాడు, ఆ గుండె దానికి తట్టుకోదు. అందుకని మార్లా అందరికీ ఒక నియమం పెట్టింది. పెద్దాయన ఫోన్ చేస్తే వాతావరణం గురించి మాట్లాడండి, పని మాట ఎత్తొద్దు. తను కూడా ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "అంతా బాగానే ఉంది నాన్నా" అనేసి పెట్టేసేది. అలా పెట్టేసిన ప్రతిసారీ ఫోన్ వంక కాసేపు చూస్తూ ఉండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ట్యాంకుకు పెద్ద రంధ్రం కోస్తే పలక బలం తగ్గుతుంది. ఎంత తగ్గింది, చుట్టూ ఎంత మందం అతుకు పలక, అంటే ప్యాడ్, వెయ్యాలి అని ట్యాంకుల నియమాలుండే కోడ్ పుస్తకం ప్రకారం లెక్కగట్టి ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. రంధ్రం చిన్నదైతే ఆ లెక్క మాఫీ. ఈ మాఫీ సంగతి టల్సాలో ట్యాంకులు కట్టే ప్రతివాడికీ తెలుసు. లెక్క అక్కర్లేని దానికి ఎవరితోనూ చెప్పక్కర్లేదని అనుకునేంత బాగా తెలుసు.

మార్లా పరీక్షకు కావలసిన గేజి తేవడానికి ఊళ్ళోకి బయల్దేరిన కాసేపటికి ఆర్వల్ జేబులో ఫోన్ మోగింది. ఆర్వల్ ఆ షాపులో పాత ఫిట్టరు. మార్లా వేసిన గీత, అంటే డ్రాయింగు, చూసి, ట్యాంకు మీద సుద్దతో గుర్తు పెట్టి, రంధ్రం కోసేది ఆయనే. లేలండూ ఆయనా ఒకే ఏడు పనిలో చేరారు.

"ఏరా ఆర్వల్, ఏం తింటున్నావు?" అన్నాడు లేలండ్.

"మెత్తటి బిస్కట్ రొట్టెలూ, వాటి మీద మాంసం గ్రేవీ."

"నాకు ఓట్స్ గంజి పోసింది ఓపల్. దాంతో గోడకు కాగితాలు అంటించుకోవచ్చు."

"ఇవాళ ఎండ బాగా కాస్తోంది లేలండ్," అన్నాడు ఆర్వల్, నియమం గుర్తొచ్చి.

"ఎండ నా కిటికీలోంచి నాకూ కనిపిస్తోందిలే. ఒక మాట విను. ఆ గేజి నాజిల్ పక్కన ఇంకో చిన్నది పెట్టండి. ఊరగాయల వాళ్ళు రేపు ఇంకేదో తగిలించుకుంటామంటారు, వాళ్ళ సంగతి నాకు తెలుసు. చిన్నదే. లెక్క కూడా అక్కర్లేదు. మార్లాను అడిగి పెట్టు."

"సరే," అన్నాడు ఆర్వల్.

సరే అన్నాడు గానీ, మార్లాను ఎలా అడుగుతాడు? అడిగితే పెద్దాయన ఫోన్ చేశాడని తెలుస్తుంది. తెలిస్తే ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసి ఆయన్ని కేకలేస్తుంది. కేకలేస్తే ఆయన గుండె ఏమవుతుంది? పోనీ పెట్టకుండా ఊరుకుంటే, ఆ ముసలాయన ఇన్నాళ్ళకు నోరు తెరిచి అడిగింది ఒక్క చిన్న నాజిల్. ఆర్వల్ గ్రేవీ గిన్నె పక్కన పెట్టి, గేజి రంధ్రానికి కుడివైపు సుద్దతో ఒక సున్నా చుట్టి, కోసేశాడు.

ఇంట్లో లేలండ్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గంట గడిచింది. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆర్వల్‌కు మతిమరుపు వచ్చిందనుకుని ఆయన చూయ్‌కు ఫోన్ చేశాడు.

చూయ్ వెల్డరు. మాట తక్కువ. వెల్డింగ్ ముసుగు పైకెత్తి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"వాన వచ్చేట్టు లేదు సార్," అన్నాడు ముందే.

"మీకందరికీ ఏమైందయ్యా? గేజి పక్కన ఇంకో చిన్నది పెట్టాలి. మార్లాతో చెప్పు. చెప్పడం మర్చిపోకు."

"అలాగే సార్."

చూయ్ వెళ్ళి చూస్తే గేజి పక్కన అప్పటికే ఒక రంధ్రం ఉంది. అది గీతలోదే అనుకున్నాడు. పెద్దాయన ఇంకోటి అన్నాడంటే దాని పక్కన ఇంకోటన్న మాట. మార్లాతో చెప్పాలంటే ఆర్వల్‌కు పట్టుకున్న భయమే చూయ్‌కూ పట్టుకుంది. ఆర్వల్ గొట్టాలు తేవడానికి వెనక్కి వెళ్ళినప్పుడు, చూయ్ ఆ రంధ్రం పక్కనే, బెత్తెడు దూరంలో, ఇంకోటి కోశాడు. కోసి, చేతికి తగిలిన రెండు గొట్టాలు రెండింటికీ అతికేశాడు. తిరిగొచ్చిన ఆర్వల్ అది చూసి, మార్లా వెళ్తూ వెళ్తూ చూయ్‌తో ఏదో పెట్టించి ఉంటుందిలే అనుకున్నాడు. అడిగితే తన సంగతి బయటపడుతుందని అడగలేదు.

లేలండ్ ఫోన్ అప్పటికీ మోగలేదు. ఈసారి ఆఫీసుకే చేశాడు. ఆఫీసులో ట్వైలా ఉంటుంది. బిల్లులు, ఫోన్లు, కాఫీ, ఎవరి పుట్టినరోజు ఎప్పుడన్నది, అన్నీ ఆమె చూసుకుంటుంది. వెల్డింగ్ మాత్రం రాదు.

"ట్వైలా, నువ్వయినా చెప్పమ్మా. గేజి పక్కన ఇంకో చిన్న నాజిల్ కావాలని మార్లాతో అను. అంతే."

"అలాగేనండీ. రాత్రి చలిగా ఉంది కదూ?"

"ట్వైలా."

"చెప్తానండీ."

చెప్పలేదు. ట్వైలాకు కన్నీళ్ళు కూడా వచ్చాయి, ఆయన గొంతు అంత చిన్నగా వినిపించేసరికి. చెప్పకుండా ఆయన కోరిక ఎలా తీర్చడమా అని ఆలోచించి, షాపు గోడకు అంటించిన గీత దగ్గరికి వెళ్ళి, గేజి గుర్తు పక్కన ఒక చిల్లర నాణెం పెట్టి, దాని చుట్టూ పెన్నుతో సున్నా గీసింది. గీతలో ఉంటే వాళ్ళే పెడతారు కదా అనుకుంది.

మార్లా గేజి పట్టుకుని తిరిగొచ్చేసరికి గోడ మీద గీతలో ఒక సున్నా ఎక్కువ ఉంది. ట్యాంకు మీద రెండు నాజిల్స్ ఎక్కువ ఉన్నాయి.

ఆమె అక్కడే నిలబడిపోయింది. గీతలో సున్నా తనే గీసిందేమో. నిద్ర సరిగా లేక ఈమధ్య కారు తాళాలు కూడా ఫ్రిజ్‌లో దొరుకుతున్నాయి. సరే, అది తనదే అనుకుందాం. మరి ట్యాంకు మీది రెండోది? అది ఆర్వల్ బాబాయి కళ్ళే. ఆయనకు కిందటేడు శుక్లాలు తీశారు. సున్నా ఒకటి రెండుగా కనిపించిందేమో పాపం. ఆ మాట పైకంటే ఆయన పనిముట్లు సర్దుకుని ఇంటికి పోతాడు, మళ్ళీ రాడు. మార్లా పెన్ను తీసి, గీత ట్యాంకుతో సరిపోయేలా మొదటి సున్నా పక్కన తన చేత్తో రెండో సున్నా గీసి, అందరికీ వినబడేలా అంది:

"ఆర్వల్ బాబాయ్, గేజి పక్కన ఇంకోటి ఉంది. నీతో చెప్పడం మర్చిపోయా. తప్పు నాదే."

"దానికేముందమ్మాయ్," అన్నాడు ఆర్వల్.

ఆమె ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వాల్సిన కాగితాలు ముందేసుకుంది. ఆర్వల్ గోడ దగ్గరికి వెళ్ళి గీత చూశాడు. రెండు సున్నాలు. తను కోసింది లేలండ్ చెప్పింది, అది మార్లాకు తెలియదు, కనుక గీతలో ఉండే అవకాశం లేదు. చూయ్ పెట్టిన దానికి ఒక సున్నా సరిపోయింది. ఇప్పుడు చెప్పింది రెండోది. అంటే ఇంకోటి కొయ్యాలి. కుడివైపు ఇక చోటు లేదు. ఎడమవైపు ట్యాంకు పలకల వెల్డింగ్ అతుకు అడ్డొస్తోంది. ఆ అతుక్కీ గేజికీ మధ్య ఉన్న సందులో కష్టపడి, చాలా శ్రద్ధగా, ఇంకో రంధ్రం కోశాడు. చూయ్ దానికీ గొట్టం అతికాడు. నోరెత్తలేదు. ఆ పూట ఆ షాపులో ఎవరినీ ఏమీ అడక్కపోవడమే మర్యాద అయిపోయింది.

హాస్కెల్ అన్న వేళకంటే కాస్త ముందే వచ్చాడు. పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు, టేపు తప్ప ఇంకేమీ బయటికి తియ్యడు. మార్లా ఆయన్ని నవ్వుతూ లోపలికి తీసుకొచ్చి, ట్యాంకు వైపు తిరిగి, ఆ నవ్వు అలాగే మొహాన ఉంచుకుని ఆగిపోయింది. ట్యాంకు ఒంటి మీద గేజిదానితో కలిపి నాలుగు నాజిల్స్ వరసగా నిలబడి ఉన్నాయి. పిల్లనగ్రోవికి కడుపొచ్చినట్టుంది.

హాస్కెల్ కూడా కాసేపు చూశాడు.

"ఊరగాయల వాళ్ళకు సంగీతం కూడా కావాలా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన టేపు తీసి ఒక నాజిల్ నడిమి నుంచి పక్కదాని నడిమికి కొలిచాడు. ఇంకో జత కొలిచాడు. తర్వాత టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చూడమ్మా మార్లా. చిన్నవాటికి లెక్క మాఫీ. నిజమే. కానీ ఎడంగా ఉన్నప్పుడే ఆ మాఫీ. రెండు రంధ్రాల వ్యాసాలు కలిపితే ఎంతో, వాటి నడిమి నుంచి నడిమికి కనీసం అంత దూరం ఉండాలి. ఇవి ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చున్నాయి. ఇలా కూర్చుంటే నాలుగు చిన్నవి కావు, ఒక పెద్ద చిరుగు. ఇంకో సంగతి. ఆ కుడి చివరి గొట్టం మరీ పలచన. చిన్న నాజిల్‌కు అతుకు లెక్క మాఫీ అయినా గొట్టం గోడ మందం మాఫీ కాదు."

"ఆ గొట్టం తీసింది నేను," అన్నాడు చూయ్. "ఆ రంధ్రం కూడా నాదే."

"కాదు, నా గీతలో ఉంది. తప్పు నాది," అంది మార్లా.

"అమ్మాయ్, నువ్వూరుకో. మొదట కోసింది నేను," అన్నాడు ఆర్వల్.

"బాబాయ్, నీ కళ్ళు బాగోక..."

"నా కళ్ళకేమయింది? నీ చెవిపోగు ఒకటి ఊడిపోయింది, ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది."

మార్లా చెవి తడుముకుంది. నిజంగానే లేదు. ఈలోగా ట్వైలా ఆఫీసు తలుపు దగ్గర నుంచి, "గీతలో సున్నా నేను గీశాను, నన్ను పనిలోంచి తీసెయ్యండి," అని ముక్కు చీదింది.

హాస్కెల్ అందరి మొహాలూ వరసగా చూశాడు. "తప్పు ఎవరిదీ కాదనే షాపులే నేను ఇంతవరకూ చూశాను. అందరిదీ అనేది ఇదే మొదటిది. అసలు గేజి పక్కన ఇంకోటి కావాలన్నది ఎవరు?"

అందరూ నేలకేసి చూశారు. సరిగ్గా అప్పుడు ఆఫీసులో ఫోన్ మోగింది. ట్వైలా కదల్లేదు. ఆర్వల్ కదల్లేదు. చూయ్ ముసుగు కిందికి దించుకున్నాడు. ఆ ముసుగు దించుకోవడం చూసి ఆ ఫోన్ ఎవరిదో మార్లాకు అర్థమైంది. వెళ్ళి ఫోన్ ఎత్తింది.

"ట్వైలా, మార్లా ఏమంది?" అంది అవతల గొంతు.

"నేనే నాన్నా."

అవతల కుర్చీ కిర్రుమంది.

"ఎండ బాగా కాస్తోంది కదూ," అన్నాడు లేలండ్.

"ఎందుకు చేశావు నాన్నా? ట్యాంకు మీద నాలుగు రంధ్రాలున్నాయి. హాస్కెల్ ఇక్కడే ఉన్నాడు. నెగ్గలేదు."

"నాలుగేమిటి? నేను ఒకటే అడిగా. ముగ్గురితో అడిగింది కూడా ఆ ఒక్కదాన్నే. నిన్ను అడిగి పెట్టమన్నా."

"వాళ్ళు నన్ను అడగలేదు. నీకు మాట వస్తుందని."

"అయ్యో. నువ్వు ఫోన్ చేసి తిడతావనుకున్నా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాజిల్‌దేముంది, అది ఉన్నా లేకపోయినా ఒకటే. నా గీతలో వేలెందుకు పెట్టావు నాన్నా అని ఫోన్ చేస్తావు, రెండు ముక్కలు మాట్లాడుకుంటాం అనుకున్నా. వారాలైంది నువ్వు నన్నొక ప్రశ్న అడిగి. అంతా బాగానే ఉందంటావు. ట్యాంకులు కట్టే చోట అంతా బాగానే ఉండడం నేను ఎప్పుడూ చూళ్ళేదు."

మార్లా కుర్చీలో కూర్చుంది. అది లేలండ్ కుర్చీయే. "డాక్టరు వద్దన్నాడు నాన్నా."

"బరువులెత్తొద్దన్నాడు. ఫోన్ బరువేముంది?"

ఆ తర్వాత ఎంతోసేపు పట్టలేదు. ఓపల్ ట్రక్కు తోలుకుంటూ ఆయన్ని తీసుకొచ్చింది. లేలండ్ చొక్కా వదులైంది గానీ, టోపీ అదే. ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి, ఆ వరస ముందు ఆగి, ఆర్వల్ వంక చూశాడు. ఆర్వల్ పైకప్పు వంక చూశాడు.

"సరే. మాటంటే మాట," అన్నాడు లేలండ్. "హాస్కెల్ చేతిలో నెగ్గలేదు. రేపట్నుంచి వస్తున్నా."

 మార్లా ఈ నెలలన్నీ భయపడింది సరిగ్గా ఈ మాటకే. ఓపల్ ఏదో అనబోయి కూతురి వంక చూసి ఆగిపోయింది.

"అంత తొందరెందుకు?" అంది మార్లా మెల్లగా. "నేను ఇంకా అయిపోయిందనలేదు. ఈ నాలుగూ కలిపి కోసి పారేస్తాం. వాటి చోట ఒకటే పెద్ద నాజిల్ పెడతాం, చుట్టూ ప్యాడ్ వేసి. గేజి దాని మూత మీద కూర్చుంటుంది. ఊరగాయల వాళ్ళు లోపలికి చెయ్యి పెట్టి కడుక్కోవచ్చు కూడా. దానికి లెక్క కావాలి. ఆ లెక్క నేను వేస్తా. తప్పుంటే రేపు రా. లేకపోతే రావద్దు."

లేలండ్ హాస్కెల్ వంక తిరిగాడు. హాస్కెల్ భుజాలెగరేశాడు. "లెక్క కోడ్ ప్రకారం ఉంటే నాకేం అభ్యంతరం? చూడాల్సింది నేను. కానీ లేలండ్ కూడా చూస్తానంటే నాకు కాఫీ తాగే తీరిక దొరుకుతుంది. ఆయన పొద్దున నాకూ ఫోన్ చేశాడు. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది."

మార్లా బల్ల దగ్గర కూర్చుని లెక్క కట్టింది. పలకలోంచి ఎంత పోతోంది, గొట్టం గోడ ఎంత ఇస్తోంది, ప్యాడ్ ఎంత ఇవ్వాలి. కట్టి, కాగితం తండ్రి ముందుకు తోసింది. లేలండ్ కంప్యూటర్‌ను నమ్మడు. పెన్సిలు చెక్కుకుని, మొదటినుంచీ చేత్తో వేశాడు. అందరూ పని మానేసి తలుపు దగ్గర మూగారు. చూయ్ భార్య కట్టిచ్చిన మొక్కజొన్న పిండి తమాలేలు ట్వైలా అందరికీ పంచింది. మార్లా తినలేదు.

ఆయన పెన్సిలు ఆగింది.

"నీ ప్యాడ్ పలచన," అన్నాడు. "సరిపోదు."

మార్లా ముందుకు వంగింది. కాగితం తన వైపు తిప్పుకుని, వేలు కింద పెట్టి వరసగా చదివింది. సగానికి వచ్చేసరికి ఆ వేలు ఆగింది.

"నాన్నా, ఉక్కు బలానికి ఈ అంకె ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"ఎక్కణ్ణుంచి తేవడమేమిటి? కంఠతా వచ్చు. నిద్దట్లో లేపినా చెప్తా."

"అది పాత పుస్తకంలోది. మధ్యలో మార్చారు. ఇప్పుడు ఇదే ఉక్కుకు అంతకంటే ఎక్కువ ఒప్పుకుంటున్నారు."

లేలండ్ హాస్కెల్ వంక చూశాడు. హాస్కెల్ కాఫీ గుటక వేసి తలూపాడు. "మార్చి చాలా ఏళ్ళయింది లేలండ్. ఈ షాపు కంప్యూటర్‌కు తెలుసు. నీకే చెప్పినట్టు లేదు."

లేలండ్ రబ్బరుతో ఆ అంకె చెరిపాడు. కొత్తది వేశాడు. కిందిదాకా మళ్ళీ కట్టుకుంటూ వచ్చాడు. ఆయన జవాబూ కూతురి జవాబూ ఒకటే అయ్యాయి. ఆయన ఆ కాగితం చేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఓడిపోయిన మనిషి మొహం అలా ఉండదు.

"రేపు రానులే," అన్నాడు.

మార్లా లేచి వెళ్ళి, వెనకనుంచి ఆయన టోపీ మీద గడ్డం ఆనించింది. ఆర్వల్ అటు తిరిగి సుద్దముక్క వెతుక్కున్నాడు.

మర్నాడు సాయంత్రానికి పెద్ద నాజిల్ నిలబడింది. గురువారం నీళ్ళు పోశారు. గేజి ముల్లు ఎక్కాల్సినంత ఎక్కి అక్కడే కదలకుండా నిలిచింది, ఎక్కడా చెమ్మ కూడా లేదు. హాస్కెల్ టార్చి వేసి అతుకు చుట్టూ చూసి, మారు మాట లేకుండా ముద్ర కొట్టించాడు. మార్లా ముందు ఇంటికే ఫోన్ చేసింది.

"నాన్నా, అయిపోయింది. ఒక ప్రశ్న. నీళ్ళు ఖాళీ చేసేటప్పుడు పైన గాలి రంధ్రం ముందు తెరవాలా, కింద డ్రెయిన్ ముందు తెరవాలా?"

ఆమెకు ఆ సంగతి పన్నెండో ఏటి నుంచీ తెలుసు. లేలండ్ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని, పైనే ముందు ఎందుకు తెరవాలో, తెరవకపోతే ట్యాంకు ఎలా లోపలికి సొట్ట పడుతుందో, అలా సొట్ట పడిన ట్యాంకు ఎవరిదో, ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో, అన్నీ చెప్పాడు. ఆమె "ఊ" కొడుతూ అన్నీ విన్నది. షాపులో నీళ్ళు అప్పటికే ఖాళీ అయిపోయాయి.

ఫోన్ పెట్టేశాక ఆయన ఓపల్‌ను పిలిచి, మన మార్లాకు లెక్కలు బాగా వచ్చని చెప్పాడు. ఆ సంగతి తనకు దాని మూడో తరగతి నుంచీ తెలుసునని చెప్పి, ఓపల్ బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.